సూర్యుడికి రెండు మీటర్లు

“ఇంకొక్క నిమిషం ఓపిక పట్టన్నా, ఇప్పుడే వెలుగుతుంది” అని నేను అంటుండగానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్పుమంది. మా సైన్స్ బండిలోని గాజుబుడ్డి నడుమ ఊదారంగు చుక్క ఒకటి పుట్టబోయి, పుట్టకుండానే పోయింది. బడి పక్క చేలో రెండు బోరు మోటార్లూ ఒకేసారి ఆగిపోయాయి. నేల మీద వరుసగా కూర్చున్న బడిపిల్లలు ఇదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

చేలో నుంచి ఓబులేసన్న ఒక గట్టు మీద, ఆయన తమ్ముడు రామాంజి ఇంకో గట్టు మీద వచ్చారు.

“ఎవురమ్మే నువ్వు? మా ఫ్యూజు ఏం చేసినారు?” అన్నాడు ఓబులేసన్న.

“సూర్యుడికి కొంచెం కరెంటు తీసుకున్నామన్నా.”

“సూర్యునికా? వాడు పైన బాగానే ఉండాడు కదా. వానికి మా కరెంటు యాల?”

“ఆయన కాదన్నా, ఇది మాది. చిన్న సూర్యుడు.”

“చిన్నోడే ఇంత తింటే పెద్దోడు ఎంత తింటాడో” అన్నాడు రామాంజి, అన్న వైపు చూడకుండా.

పెనుకొండ దగ్గరి ఆ పల్లెలో ఈ అన్నదమ్ములకు పొలం పంచుకున్నప్పటి నుంచి మాటల్లేవు. గట్టుకు చెరోపక్క చెరో బోరు. అడుగున ఉన్న నీళ్లు మాత్రం ఒకటే. ఒకడు మోటారు ఆపితే రెండోవాడు నీళ్లన్నీ లాగేస్తాడని ఇద్దరికీ భయం. అందుకే ఇద్దరూ స్టార్టర్లను ఆటోలో పెట్టుకున్నారు. కరెంటు రాగానే, మనిషి దగ్గర లేకపోయినా, మోటారు తనంతట తానే ఎత్తుకుంటుంది. చేనుకు నీళ్లు కావాలా వద్దా అనే లెక్క లేదు. వాన పడుతున్నా ఆడుతూనే ఉంటాయి. బడి లైను మా యంత్రాన్ని మోయలేదని, ఆ రెండు మోటార్లు ఆడుతున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే మా సూర్యుడికి కూడా వైరు లాగాం.

“నా మోటారు కాలింటే మీ బండి ఈడనే ఉంటాది” అన్నాడు అన్న.

“రెండు మోటార్లూ” అని సవరించాడు తమ్ముడు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాట ఇంకొకరు అందుకుంటూ మమ్మల్ని తిట్టారు. మా డ్రైవర్ నారాయణప్ప నా చెవి దగ్గరికి వంగి, “పాపా, ఇద్దురూ కలిసినారు చూడు. మన సార్ చెప్పే సంలీనం ఇదేనేమో” అన్నాడు.

అప్పుడు వాళ్లమ్మ గంగమ్మవ్వ కొడవలి చేత్తో పట్టుకుని వచ్చింది. గడ్డి కోసుకుంటూ వచ్చిందిలెండి, మా కోసం కాదు. “తిట్టింది చాల్లేబ్బా. అమ్మీ, మా ఫ్యూజు తిని ముఖమన్నా చూపీకుండా పోతాడా మీ సూర్యుడు?”

“మళ్లీ వచ్చి చూపిస్తామవ్వా. తప్పకుండా.”

మాట ఇవ్వడానికి కరెంటు అక్కర్లేదు కాబట్టి ఇచ్చేశాను.

మేం ఆ పల్లెకు వెళ్లింది రిహార్సల్ కోసం. ఆ వారం చివర ధర్మవరంలో మా ట్రస్టు మేడమ్ ముందు ఆట ఉంది. చిన్న సూర్యుడి పక్కనున్న బల్బు ఆ రోజు వెలగకపోతే బండిని ఆపేస్తానని ఆమె చెప్పేసింది. బండి ఆగితే సార్‌తో కలిపి మా ముగ్గురి ఉద్యోగాలూ ఆగుతాయి. రిహార్సల్ ఎట్లా జరిగిందో చూశారుగా.

ఇంత చిన్న వయసులో రిటైరవడం

నా పేరు సువార్త. మాది కొత్తచెరువు. ఇట్లాంటివి రాయాల్సింది తల నెరిసినవాళ్లని నాకు తెలుసు. నాకింకా ముప్పై రాలేదు. కాని నేను చేసిన వృత్తి రిటైరైపోయింది, దాంతోపాటు నేనూ. ఇప్పుడు మళ్లీ ఎవరో ఒక సైన్స్ బండి మొదలుపెడుతున్నారట, పల్లెల్లో చెప్పడానికి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారట. వాళ్లకు ఎవరూ చెప్పని సంగతులు నాలుగు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పాను. ఇంటర్వ్యూలో ఆ సంగతి దాచలేదు. రంగనాయకులు సార్ సంతోషించారు. “మంచిదమ్మా, నీ చేత మరిపించాల్సింది తక్కువ” అన్నారు. సార్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు విషయం ఉంది, గొంతు లేదు. ఏం చెప్పినా మూడో వరుస దాటదు. నాకు గొంతు ఉంది, విషయం లేదు. ఆయన మెల్లగా ఒక ముక్క అంటారు, నేను దాన్ని ఊరందరికీ వినపడేలా అంటాను. ఇద్దరినీ కలిపితే ఒక టీచరు. అదే నా ఉద్యోగం.

నారాయణప్పది హిందూపురం. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడతాడు. రోజూ పొద్దున బండికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాడు. తర్వాత గాజుబుడ్డికి కూడా కడతాడు. “సైన్సులో ఇది చేయకూడదయ్యా” అని సార్ అంటే, “ఇదీ ఇంజనే కదా సార్, ఇంజన్లన్నిటికీ దిష్టి ఒకటే” అనేవాడు. సార్ తలాడించి బండెక్కేవారు. వాదించి ఓడిపోవడం ఆయనకు అలవాటే.

రెండు ఆటలు

బండిలో రెండు ఆటలు ఉండేవి. ఒకటి విడగొట్టేది, పుస్తకంలో విచ్ఛిత్తి అంటారు. రెండోది కలిపేది, అదే సంలీనం. రెండిటిలోనూ శక్తి పరమాణువు నడుమనున్న గింజ నుంచే వస్తుంది. యురేనియం లాంటి పెద్ద గింజ పగిలితే వస్తుంది. హైడ్రోజన్ జాతి బుల్లి గింజలు రెండు అతుక్కున్నా వస్తుంది.

“పగిలినా వస్తుందా, అతికినా వస్తుందా, ఇదేం విడ్డూరం సార్?” అని అడిగాను.

“పెద్దింట్లో ఇరుకు, చిన్నింట్లో ఒంటరితనం. ఏది వదిలినా హాయేనమ్మా. ఆ హాయే బయటికొచ్చే వేడి” అన్నారు. ఇనుములాంటి మధ్యరకం గింజలు మాత్రం ఉన్నచోటే సుఖంగా ఉన్నాయట. వాటికి పగలాలనీ ఉండదు, అతకాలనీ ఉండదు.

విడగొట్టే ఆటకు పెద్ద చెక్క మీద స్ప్రింగు ఎలుకల బోన్లు పరిచి, ఒక్కో బోను మీద ఒక్కో తేలికపాటి ఉండ పెట్టేవాళ్లం. ఉండ అంటే న్యూట్రాన్, గింజను పగలగొట్టే బుల్లి కణం. పైనుంచి ఒక్క ఉండ వేస్తే చాలు. ఒక బోను టప్పుమంటుంది, దాని మీదున్నది ఎగిరి ఇంకో బోను మీద పడుతుంది, కళ్లు మూసి తెరిచేలోగా చెక్కంతా టపటపలాడిపోతుంది. ఇచ్చింది ఒక్క ఉండ, వచ్చింది ఊరు దద్దరిల్లే గలాటా. అణు విద్యుత్తు కేంద్రంలో ఆ గలాటాను పద్ధతిగా, నెమ్మదిగా జరగనిస్తారు. అందుకే అది పెట్టినదానికంటే ఎన్నో రెట్లు తిరిగి ఇస్తుంది. దానికి బాకీ వేరే చోట ఉంది. మిగిలిన బూడిద తరతరాలు విషమే, దాన్ని కాపలా కాయాలి. ఆ మాట చెప్పకుండా ఎప్పుడూ వేదిక దిగిపోవద్దు.

పిల్లలు మళ్లీ, మళ్లీ అనేవారు. వాళ్లదేం పోయింది. ఆ బోన్లన్నీ ఎక్కుపెట్టేది నేను. వేళ్లు చితికిపోయేవి. “సార్, మీరు పెట్టింది ఒక్క ఉండే అంటారు. మరి నా వేళ్ల లెక్క ఎక్కడ?” అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

సార్ ముఖం వెలిగిపోయింది. “అదీ ప్రశ్న. యురేనియం బోన్లను ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాలు ఎక్కుపెట్టి పోయాయమ్మా. మనం పేల్చుకుంటున్నాం, అంతే. మన బోన్లకు నువ్వే నక్షత్రం.”

ఆ రోజు నుంచి నారాయణప్ప నన్ను “చచ్చిన నక్షత్రమా, టీ తాగుతావా?” అని పిలిచేవాడు.

కలిపే ఆటకు గాజుబుడ్డి. లోపలి గాలి లాగేసి, కొంచెం వాయువు వదిలి, ఎక్కువ వోల్టేజీ పెడితే నడుమ ఊదారంగు వెలుగు వస్తుంది. అది నిజం సంలీనం కాదు. సూర్యుడి వేషం వేసుకున్న గాజుబుడ్డి. వేషానికే అంత తిండి. నిజందానికి తిండి ఎందుకు ఎక్కువంటే, బుల్లి గింజలు రెండిటికీ ఒకే రకం ఆవేశం. దగ్గరికి తెస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అవి అతుక్కోవాలంటే సూర్యుడి కడుపులో కంటే ఎక్కువ వేడిలో వాటిని ఉరికించాలి, ఆ వేడిని ఏ గోడకూ తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచాలి. సూర్యుడికి ఈ బాధ లేదు, తన బరువుతోనే నొక్కి పడేస్తాడు. మనకంత బరువు లేదు. కరెంటు పెట్టాలి.

బుడ్డి కింద సార్ రెండు పాత ఇంటి మీటర్లు బిగించారు, లోపల రేకు గుండ్రంగా తిరిగే రకం. ఒకదాని మీద ‘ఇచ్చింది’ అని, ఇంకోదాని మీద ‘వచ్చింది’ అని తెల్ల రంగుతో రాశారు. రెండోదాని పక్కన చిన్న బల్బు. ‘ఇచ్చింది’ రేకు కనపడనంత వేగంగా తిరిగేది. ‘వచ్చింది’ కదిలేది కాదు. దాని వైరు చివర ఏమీ తగిలించలేదు మరి. “అది ఖాళీ ఎందుకుంచారు సార్?” అంటే, “రేపెవరైనా సాధిస్తే తగిలించుకోవడానికి” అన్నారు. మన ఇళ్లల్లో దూరం పోయినవాళ్లకు ఒక కంచం బోర్లించి ఉంచినట్టు.

ఏ ఊళ్లో అయినా ఒకరు లేచి, రెండిటిలో ఏది ఎక్కువ ఇస్తుందని అడుగుతారు. తడబడొద్దు. ఒక్కో గింజ లెక్కన చూస్తే పగిలేదే ఎక్కువ ఇస్తుంది. ఒకే తూకం వేసి చూస్తే అతికేదే ఎక్కువ ఇస్తుంది. నేను ఒక గుమ్మడికాయ, గుప్పెడు చెనక్కాయలు పట్టుకుని చూపించేదాన్ని. కాయకు కాయ పెడితే గుమ్మడికాయదే గెలుపు. కాటాలో సమానంగా తూచి తింటే చెనక్కాయలదే బలం. మన జిల్లాలో దీనికి మించి వివరించాల్సిన పని లేదు.

ఇంకొకటి. సంలీనంలో పెట్టినదానికంటే ఎక్కువ వచ్చిందని అప్పుడప్పుడు పేపర్లో చదువుతారు. అది అబద్ధం కాదు. ఇంధనం మీద పడ్డ లేజర్ వెలుగు కంటే ఇంధనం నుంచి వచ్చింది ఎక్కువ, అంతవరకు నిజం. ఆ వెలుగును పుట్టించడానికి లైను నుంచి లాగిన కరెంటు ఆ లెక్కలో కలపరు. బోరులో ఎన్ని నీళ్లు పడ్డాయో చెప్పి, మోటారు ఎంత కరెంటు తాగిందో చెప్పనట్టు. ఆ మాట అనగానే మన రైతులు తలాడిస్తారు.

హిందూపురం గూళ్లు

మొదట్లో బోన్ల మీద ప్లాస్టిక్ బంతులు పెట్టేవాళ్లం. ఆట అయ్యాక పిల్లలు జేబుల్లో వేసుకుపోయేవారు. ఊరూరికీ మా న్యూట్రాన్లు తగ్గిపోతుండేవి. నారాయణప్ప హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పోయి, రాలిపోయిన గూళ్లు ఒక సంచి నిండా తెచ్చాడు. తేలిక, గుండ్రంగా ఉంటాయి, ముఖం మీద పడినా దెబ్బ తగలదు. అందరం ఆయన్ను మెచ్చుకున్నాం.

గూళ్లను ఆవిరికి పెట్టి లోపలి పురుగును చంపి ఎండబెడతారని నాకూ సార్‌కూ తెలీదు. నారాయణప్పకు తెలుసు. ఆయనకు చంపడం ఇష్టం లేదు.

గోరంట్లలో ఒక బడిలో ఆట మంచి ఊపులో ఉంది. గూడు వేశాను, బోన్లన్నీ పేలాయి, గూళ్లు ఎగిరి పిల్లల ఒళ్లో పడ్డాయి. అప్పుడు ఒక గూడు చివర తడిసి, చిన్న బొక్క పడి, తెల్లటి రెక్కల పురుగు ఒకటి నింపాదిగా బయటికొచ్చింది. ఆ వెనకే ఇంకొకటి. ఇంకో నిమిషానికి గది నిండా పాకుతున్నాయి. ఎవరూ అరవలేదు. ముందు వరుసలో ఒక పాప తన లంగా మీద పాకుతున్నదాన్ని చూసి చెయ్యెత్తింది.

“అక్కా, న్యూట్రాను గుడ్లు పెడతాండాది.”

నేను సార్ వైపు చూశాను. సార్ నా వైపు చూశారు. నారాయణప్ప కిటికీ బయట నుంచి, “ఆడదేమో లే” అన్నాడు.

తర్వాత ఆ బడి హెడ్మాస్టరు సార్‌కు ఫోన్ చేశాడు. పరీక్షలో విచ్ఛిత్తి అంటే ఏమని అడిగితే, ‘పెద్ద కేంద్రకం పగిలి రెండు చిన్న కేంద్రకాలు, కొంత శక్తి, ఒక రెక్కల పురుగు వెలువడును’ అని తరగతి మొత్తం రాసిందట. సగం మార్కులు వేశానన్నాడు. నేను పడి పడి నవ్వాను. సార్ నవ్వలేదు.

“వాళ్లు చూసింది వాళ్లు రాశారు. మనం చూపించిందే వాళ్లు చూశారు” అన్నారు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అనుకున్నా ఫర్వాలేదు. నువ్వు మైకులో ఏం చెప్పావో పిల్లలకు గుర్తుండదు. కళ్లముందు ఏం జరిగిందో అది పోదు.

మేడమ్

మేడమ్ బెంగళూరులో ఉంటుంది. బండి నడిపే ట్రస్టు ఆమెది. ఆమె చెడ్డ మనిషని నేను అనను. జీతం ఒక్క నెల ఆలస్యం చేయలేదు, నాకు జ్వరమొస్తే ఫోన్ చేసి అడిగింది. ఆమెకున్న పిచ్చి ఫోటోలు. ఫోటోలో పడనిది జరగనట్టే.

పెనుకొండ రిహార్సల్‌కు ముందు ఆమె ఫోన్ చేసినప్పుడు సార్ స్పీకర్ పెట్టారు.

“రంగనాయకులు గారూ, ఆ బోన్ల ఆట తీసేయండి. అందరికీ బాంబు గుర్తొస్తుంది. సూర్యుడి ఆట బావుంది. కాని ఆ రెండో మీటరు ఎప్పుడు చూసినా తిరగదేం?”

“అక్కడ ఇంకా ఏమీ రాలేదండీ.”

“రానప్పుడు ఎందుకు పెట్టారు?”

“వచ్చినప్పుడు తెలియడానికండీ.”

“ధర్మవరానికి దాతలను తీసుకొస్తున్నాను. తిరగని మీటరు చూపిస్తే ఎవరిస్తారు చెప్పండి? బల్బు వెలగాలి. లేదంటే బండిని కళ్ల పరీక్షలకు ఇచ్చేస్తాను. కళ్లద్దాలు పెట్టిన మరుక్షణం మనిషికి కనపడుతుంది. మీ సూర్యుడు ఎప్పుడు కనపడతాడో మీకే తెలీదు.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అదే బాధ.

“బల్బు వెలగదమ్మా. బుడ్డి బాగా వెలిగేటట్టు చూద్దాం. మిగతాది ఉన్నదున్నట్టు చెబుదాం” అన్నారు సార్ మాతో. నేను సరేనన్నాను. నారాయణప్ప ఏమీ అనలేదు. పెనుకొండ నుంచి తిరిగొచ్చాక అసలే మాట్లాడటం మానేశాడు. డ్రైవరు నోరు మూసుకున్నాడంటే ఎక్కడో ఏదో వదులవుతోందని మీరు గుర్తుపెట్టుకోండి. నాకు అప్పుడు తట్టలేదు.

ధర్మవరం

ఫంక్షన్ హాల్లో పగటిపూట ఆట. నేతపనివాళ్ల కుటుంబాలు వచ్చాయి, బడిపిల్లలు వచ్చారు. ముందు సోఫాల్లో మేడమ్, దాతలు. వేదిక మీద బల్ల, బల్లకు నేల దాకా నల్ల గుడ్డ, బల్ల మీద గాజుబుడ్డి, రెండు మీటర్లు, బల్బు. నిమ్మకాయ కూడా ఉంది. నారాయణప్ప ఎక్కడా కనపడలేదు. టీకి పోయాడనుకున్నాను.

అంతా బాగానే జరిగింది. గుమ్మడికాయ, చెనక్కాయల దగ్గర జనం నవ్వారు. చివరికి సార్ స్విచ్ మీద చెయ్యి పెట్టారు.

“మూడు అనగానే చిన్న సూర్యుడు” అన్నాను మైకులో. “ఒకటి. రెండు.”

మైకు ఆగిపోయింది. పైన ఫ్యాన్లు మెల్లగా నిలబడ్డాయి. కరెంటు పోయింది. హాలంతా అబ్బా అంది. సార్ మాత్రం మొదలుపెట్టింది ఆపలేక తన చిన్న గొంతుతో “మూడు” అన్నారు.

బుడ్డి నల్లగానే ఉంది. ‘ఇచ్చింది’ మీటరు రేకు ఆగిపోయి ఉంది. పక్కనున్న బల్బు మాత్రం చక్కగా వెలిగింది.

తర్వాత మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. “చూశారా, కరెంటే లేదు. ఏమీ పెట్టకుండానే ఇచ్చింది” అని దాతలకు చూపిస్తోంది. వాళ్లూ లేచారు. వెనక నుంచి ఒకామె, “కరెంటు పోయినప్పుడే వెలిగేటట్లయితే మా మగ్గం కాడ ఒకటి పెట్టిపోండమ్మా” అని అరిచింది.

నేను సార్ ముఖం చూశాను. ఇక రాదని ఖాయం చేసుకున్న బస్సు మలుపులో కనపడితే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఆయన గబగబా మోకాళ్ల మీద కూర్చుని ‘వచ్చింది’ మీటరుకు కళ్లు ఆనించారు. చాలాసేపు చూశారు. ముఖం మళ్లీ మామూలైంది.

“బల్బు వెలుగుతోంది, రేకు తిరగడం లేదు. బ్యాటరీ కరెంటుకు ఈ రకం మీటరు తిరగదమ్మా” అన్నారు నాతో. నల్ల గుడ్డ అంచు కొద్దిగా పైకెత్తారు.

బల్ల కింద చీకట్లో నారాయణప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మోటార్‌సైకిల్ బ్యాటరీ, రెండు చేతుల్లో రెండు వైర్లు. మమ్మల్ని చూసి, “ఏం సార్, కరెంటు పోయిందా?” అన్నాడు.

సార్ గుడ్డ దించేశారు. ఇంకెవరూ చూడలేదు. మేడమ్ వేదిక దగ్గరికి వచ్చి, “బండి ఉంటుంది రంగనాయకులు గారూ. ఇంకో బండి కూడా ఇస్తామంటున్నారు” అంది. నిజంగా సంతోషంగా ఉంది ఆమె.

సార్ నా వైపు తిరిగారు. “మైకు లేదు. నువ్వు చెప్పమ్మా.”

“ఏం చెప్పమంటారు సార్?”

“ఉన్నది.”

గుడ్డ కింద నుంచి నారాయణప్ప గొంతు. “పాపా, వద్దు. ఈ ఒక్కరోజుకు నోరు మూసుకో.”

నోరు మూసుకోమని మా అమ్మ చెప్పింది, టీచర్లు చెప్పారు, బస్సు కండక్టర్లు కూడా చెప్పారు. అంత బతిమాలి ఎవరూ చెప్పలేదు. నా జీతం మీద ఇల్లు నడుస్తోంది. ఆ సంగతి నాకూ తెలుసు, సార్‌కూ తెలుసు. ముందు వరుసలో పిల్లలు బల్బునే చూస్తున్నారు. రేపు వీళ్లు పరీక్షలో ఏం రాస్తారా అని ఒక్కసారి అనిపించింది. సంలీనమునకు కరెంటు అక్కరలేదు, అని. దానికి సగం మార్కులు కూడా రావు.

“అందరూ కూర్చోండి” అన్నాను. హాలు చివరి దాకా వినపడింది. “ఈ బల్బు వెలిగింది సూర్యుడి వల్ల కాదు. బల్ల కింద మోటార్‌సైకిల్ బ్యాటరీ ఉంది. బ్యాటరీతో పాటు మా డ్రైవరు కూడా ఉన్నాడు. సూర్యుడిలా గింజలను కలిపి, ఖర్చంతా పోను కరెంటు మిగిల్చిన యంత్రం ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. చేస్తున్నారు. అయ్యేదాకా ఈ మీటరు తిరగదు.”

నారాయణప్ప నల్ల గుడ్డలో నుంచి బ్యాటరీతో సహా లేచి, అందరికీ నమస్కారం పెట్టలేక తల వంచాడు. ఆ రోజు అన్నిటికంటే పెద్ద చప్పట్లు దానికే పడ్డాయి. మగ్గం ఆమె మళ్లీ లేచి, “పోనీ ఆ బ్యాటరీ అన్నా ఇచ్చిపోండి” అంది.

మేడమ్ అరవలేదు. “రేపు సాయంత్రానికి బండి తాళాలు పంపించండి” అని మాత్రం చెప్పి దాతలతో వెళ్లిపోయింది.

సామాను సర్దుతుంటే నారాయణప్ప కళ్లు తుడుచుకున్నాడు. “మీ ముఖం చూడలేక చేసినా సార్. ఒక్కసారన్నా వెలగనీ అని.”

“ఒక్క క్షణం నేనూ నమ్మాను నారాయణప్పా” అన్నారు సార్. “బాగుండింది.”

మర్నాడు పొద్దున

తాళాలు సాయంత్రం దాకా మా దగ్గరే ఉంటాయి కదా. పొద్దున్నే బండి ఎక్కి పెనుకొండ వైపు తిప్పమన్నాను. ఎందుకని సార్ అడగలేదు. అన్ని రోజులూ నోరు మూసుకున్న నారాయణప్ప దారంతా పాటలు పాడాడు.

పల్లెలో రెండు మోటార్లూ ఆడుతున్నాయి. గంగమ్మవ్వ చేను గట్టున కూర్చుని ఉంది. రెండు చేలూ అప్పటికే నానిపోయి, నీళ్లు దారిలోకి పారుతున్నాయి.

“అన్నా, కాసేపు నీ మోటారు ఆపుతావా? సూర్యుణ్ని చూపిస్తాం” అన్నాను ఓబులేసన్నతో.

“వాన్ని ఆపమను ముందు.”

గట్టు దాటి రామాంజి దగ్గరికి పోయాను. “ఆయప్ప ఆపితే నేనూ ఆపుతా” అన్నాడు.

మళ్లీ ఇటు. మళ్లీ అటు. సార్ బండి మెట్టు మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. “ఒకే ఆవేశం” అన్నారు.

స్టార్టరు పెట్టెలు గట్టుకు చెరోపక్క రాతి కూసాలకు బిగించి ఉన్నాయి. నేను పోయి గట్టు మీద, వాటి నడుమ నిలబడ్డాను. “అన్నా, రెండూ నేనే ఆపితే మీలో ఎవురూ ముందు ఆపినట్టు కాదు కదా?”

ఇద్దరూ ఆలోచించారు. ఒకరినొకరు చూసుకోకుండానే ఆలోచించారు. “అట్లయితే సరే” అన్నాడు అన్న. తమ్ముడు తల ఊపాడు.

రెండు చేతులూ చాపాను. సరిగ్గా అందాయి. రెండూ ఒకేసారి నొక్కాను.

పంపులు ఆగాక అక్కడ పిట్టల చప్పుడు ఉందని తెలిసింది. బండి దగ్గరికి పరిగెత్తి స్విచ్ వేశాను. గాజుబుడ్డి నడుమ ఊదారంగు చుక్క పుట్టింది, పెరిగింది, ఈసారి నిలబడింది. ‘ఇచ్చింది’ మీటరు గిర్రున తిరిగింది.

గంగమ్మవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. “ఇదేనా?”

“ఇదేనవ్వా.”

“ఏమిస్తాది?”

“ఇంగా ఏమీ ఇయ్యదవ్వా. తినేది ఈ మీటర్లో తిరుగుతాండాది. ఇచ్చినప్పుడు ఆ మీటరు తిరుగుతాది.”

అవ్వ తిరగని మీటరు దగ్గరికి వంగి, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. “చంటిబిడ్డ అన్నమాట. పెట్టాల్సిందేలే.”

బండి తలుపు ఇరుకు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి తలలు దూర్చారు.

“జరుగు” అన్నాడు ఓబులేసన్న.

“నువ్వే జరుగు” అన్నాడు రామాంజి.

ఇద్దరూ జరగలేదు. అట్లాగే కాసేపు చూశారు, చెంప చెంప తగులుతుండగా.

“చూసింది చాలు, ఇంగ ఆర్పమ్మీ. నీళ్లు పారాల” అంది అవ్వ.

సూర్యుణ్ని ఆర్పి, గట్టు మీదికి పోయి, రెండు చేతులూ చాపి, రెండు స్టార్టర్లూ ఒకేసారి వేశాను.